పచ్చ గుర్తు

మిడతను లిఫ్టులో కాల్చి చంపి నెలైనా కాలేదు. ఇప్పుడు అతని పచ్చ గుర్తు మళ్ళీ స్క్రీన్ మీద పడింది.

విశ్లేషణ గదిలో నత్త కుర్చీలోంచి సగం లేచాడు. ఆ స్క్రీన్ మీద ఉన్నది టీవీ చర్చలను కలిసి విశ్లేషించే సాఫ్ట్‌వేర్. నాయకుడు అబద్ధమాడాడనిపిస్తే విశ్లేషకులు ఎవరి రంగులో వాళ్ళు గుర్తు పెడతారు. జోడీగా ఉన్నవాడు 'సరే' నొక్కితే అది స్టూడియోలో నాయకుల వెనక గోడ మీద వెలుగుతుంది. మిడత, నత్త అనే మారుపేర్లతో విశ్లేషకుల వేషంలో ఉన్న ఈ సీక్రెట్ ఏజెంట్లిద్దరూ ఒక జోడీ. మిడత గుర్తు పెట్టడం, నత్త కళ్ళు మూసుకుని సరే నొక్కడం. ఇన్నేళ్ళూ వాళ్ళ కాపురం అలాగే సాగింది.

నత్త ఆ సంగతి చెప్పగానే ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు వినిపించింది. "దెయ్యమూ లేదు గియ్యమూ లేదు. విదేశీ ముఠా వాడి పాస్‌వర్డ్ కొట్టేసింది. ప్రధానిని లేపెయ్యడానికి స్టూడియోలో ఒకడున్నాడు. వాడికి సైగ మన సాఫ్ట్‌వేర్‌లోంచే వెళ్తుందట."

"ఆపేద్దామా సార్?"

"ఆపితే జారుకుంటారు. గుర్తు పెట్టేదెవరో కనిపెట్టు."

టీవీలో ప్రధాని ఇంకా మంచినీళ్ళు తాగుతున్నాడు. అప్పుడే పచ్చ గుర్తు పడింది. ఆ తర్వాత గానీ ఆయన నోరు విప్పలేదు.

మిడత ఎంత తొందరపడేవాడైనా, అనని మాటకు ఏనాడూ గుర్తు పెట్టలేదు. చచ్చినవాడికి జరగబోయేది ముందే తెలుస్తుందా?

"ఏరా, నువ్వేనా?" అని నత్త గొణిగాడు. స్నేహితుడి మీద బెంగతో వేలు అలవాటుగా 'సరే' మీదికి పాకింది.

మీటను తాకబోతూ ఆగిపోయింది.

ఈ గదికి ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది! ముందే వింటున్నవాళ్ళు స్టూడియోలోనే ఉండాలి. అక్కడ టాబ్లెట్ ఉన్నది అందాల యాంకరమ్మ ఒక్కర్తి చేతిలోనే. ఆమె కూడా మన ఏజెంటే. జీతం మాత్రం రెండు చోట్లా తీసుకుంటున్నట్టుంది.

"సార్, యాంకర్! గోడ మీది గుర్తే సైగ. నేను నొక్కను. ప్రధానిని వదిలేసి గోడకేసి చూస్తున్నవాడెవడో పట్టుకోండి!"

లైట్‌మ్యాన్ ఒక్కడే గోడకేసి చూస్తున్నాడు. చీఫ్ మనుషులు వాణ్ణి ఒడిసి పట్టారు. జేబులో తుపాకీ దొరికింది.

కాసేపటికి యాంకరమ్మ చేతులకు సంకెళ్ళు పడ్డాయి. ఆమె టాబ్లెట్‌ను పెట్టెలో పెట్టి సీలు వేశారు. పోలీసు ప్రతినిధి వేషంలో చీఫ్ అదే స్టూడియో గోడ ముందు టీవీలో కనిపించాడు.

"చర్చ ప్రశాంతంగా ముగిసింది. ఇక్కడ ఏమీ జరగలేదు."

ఆ మాట పూర్తయ్యాక, తొందరేమీ లేకుండా, పచ్చ గుర్తు పడింది.

నత్త కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఆ కళ్ళు మూసుకుని, సరే నొక్కాడు.

చీఫ్ తల వెనక గోడ పచ్చగా వెలిగింది.