చెరిగిన ఎడమ కన్ను

“ఐదింటికల్లా ఆ కన్ను ఎవరు చెరిపారో తేలకపోతే నా బతుకు బుగ్గిపాలే మేడమ్!”

తలుపు తోసుకొచ్చిన అమ్మాయి ఆ మాటతోనే భోరుమంది. డిటెక్టివ్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. మాట కుట్టే తీరు చూసి జనం ఈ డిటెక్టివ్‌కి కందిరీగ అని పేరు పెట్టారు. నలభై దాటినా ఆమె వెంటే తిరిగే సహాయకుణ్ణి తోక అన్నారు. తోకకి ఆ పేరంటే కాస్త గర్వం కూడాను.

“ముందు ముక్కు చీదు. తర్వాత చెప్పు.”

అమ్మాయి బొమ్మలు నేర్చుకుంటోంది. రంగుల తరగతిలో ఉన్నది ఒకే ఒక్క సీటు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీసిన పెన్సిల్ స్కెచ్ చూసి ఇస్తారు. నెగ్గిన బొమ్మని రోడ్డున పోయేవాళ్లకి కనబడేలా కిటికీ అద్దంలో పెడతారు. బస్సు నడిపే నాన్నని రెండు నెలలు కూర్చోబెట్టి గీసింది. పొద్దున ఆయనే దాన్ని మడత అట్టలో పెట్టి తెచ్చి మాస్టారి బల్లమీద పెట్టాడు. మధ్యాహ్నం అట్ట విప్పితే ఎడమ కన్ను లేదు. ఎవరో పాడుచేశారని ఐదింటిలోగా రుజువైతేనే పోటీలో ఉంచుతానన్నారు మాస్టారు. సీటు పోతే చదువుకి నీళ్లొదులుకోవడమే.

నాలుగింటికి అందరూ బొమ్మల గదిలో చేరారు. నాన్న వస్తూ వస్తూ ఎడమవైపున్న స్టూలుని తన్నేశాడు. “పాడు స్టూలు!” అని నవ్వాడు. తోక దాన్ని లేపి నిలబెట్టాడు.

కందిరీగ పోటీలో ఉన్న రెండో విద్యార్థి మీద పడింది. అతన్ని అందరూ పొడుగోడంటారు.

“నువ్వేనా?”

“నాకెందుకండీ ఆ ఖర్మ! పాడుచెయ్యాలంటే మొత్తం చించేద్దును.”

“నీ రబ్బరేదీ?”

అది గట్టి రబ్బరు, రుద్దితే నల్లటి పొట్టు రాలుతోంది. స్కెచ్ మీద మాత్రం పొట్టు లేదు, చెంపమీద మరక లేదు, కాగితం పొర లేవలేదు. అట్ట మడతలో తెల్లటి ముక్కొకటి దొరికింది. తోక వేళ్లతో నలిపి, “రొట్టె!” అన్నాడు.

“రొట్టె మెత్తన అద్దితే పెన్సిల్ గీత లేచిపోతుంది. పాత పద్ధతి. ఈ అమ్మాయికొక్కదానికే నేర్పాను,” అన్నారు మాస్టారు.

తోక ఆయన వంక అనుమానంగా చూశాడు. అమ్మాయి మెల్లిగా, “ఇంట్లో రోజూ దాంతోనే చెరిపేదాన్ని,” అంది.

“అందరూ కూర్చోండి,” అంది కందిరీగ. “పోటీవాడైతే మొహమంతా పాడుచేస్తాడు. మాస్టారికి ఇష్టం లేకపోతే సీటివ్వరు, అంతే. దీన్ని చెరిపినవాళ్లకి ఈ బొమ్మంటే ప్రాణం. చెంపకి వేలు కూడా తగలనివ్వలేదు.”

దీపాన్ని కాగితం పక్కన ఏటవాలుగా పెట్టింది. పెన్సిల్ నొక్కిన గాడిలో కన్ను తేలింది. రెప్ప సగం వాలింది. నల్లగుడ్డు మీద పొర అంచు గుండ్రంగా తెలుస్తోంది.

“నేను చూసిందే గీశాను. అది జబ్బని తెలీదు,” అంది అమ్మాయి.

“ఎడమవైపు స్టూలు కనబడలేదు కదూ, డ్రైవర్ గారూ?” అంది కందిరీగ. “ఆ అద్దం ముందునుంచే కదా మీ డిపో వాళ్లంతా వెళ్లేది?”

నాన్న తల వంచుకున్నాడు. “నీ సీటు పోవాలని కాదు తల్లీ. ఇంత బాగా గీశావు, ఒక్క కన్ను లేకపోతే ఏం పోతుందిలే అనుకున్నాను. వాళ్లు కన్ను చూసి ఉద్యోగం పీకేస్తే నిన్నెట్లా చదివించను?”

“ఎన్నాళ్లయింది?”

“ఎనిమిది నెలలు.”

“బస్సులో ఎంతమంది ఉంటారు?”

“యాభై మంది.”

అప్పటిదాకా మేడమ్ తెలివికి మురిసిపోతున్న తోక స్టూలుని గోడవారకి జరిపాడు.

పొడుగోడు తన బొమ్మని చుట్టి చంకలో పెట్టుకున్నాడు. మాస్టారు గొంతు సవరించుకుని, “సీటు నీదేనమ్మా,” అన్నారు.

అమ్మాయి కుర్చీలోంచి లేవలేదు. “రెండు నెలలు ఎదురుగా కూర్చుని కూడా నీ బాధ కనిపెట్టలేకపోయాను నాన్నా,” అని వెక్కివెక్కి ఏడ్చింది.

నాన్న జేబులోంచి ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాడు.

“డిపోకి కలుపు. ఇక బండి తియ్యనని చెబుతాను.”

“నువ్వే చెయ్యి నాన్నా. నా వల్ల కాదు.”

“కుడిదీ మసకేసిందమ్మా. అంకెలు ఆనట్లేదు.”