రాణి కడుపులో నిప్పు

సిరిమల్ల రాజ్యాన్నేలే చిన్నరాణి హేమలేఖ మూడేళ్లుగా మెతుకు మింగాలంటేనే వణికిపోతోంది. తింటే కడుపులో మంట, ఆపై నెత్తురు. రాజవైద్యులు తలా ఒక చేదు కషాయం పోసి చేతులెత్తేశారు. ఆమెతో ఒకే తల్లి పాలు తాగి పెరిగిన కుమ్మరి పిల్ల నాంచారి మాత్రం ఊరుకోలేకపోయింది. అడవులు దాటి వెళ్లి శంఖముని అనే తపస్వి కాళ్లమీద పడింది.

"శత్రువు ఎప్పుడో చచ్చాడమ్మా. కాపలావాళ్లే యుద్ధం ఆపలేదు. ఆమె కడుపు లోపలికెళ్లి చూడు," అని ముని ఒక గుటిక ఇచ్చాడు. తిరిగొచ్చి దాన్ని మింగిన నాంచారి ఆవగింజంతయి, రాణి తాగే మజ్జిగతోపాటు లోపలికి జారింది.

పుల్లటి మడుగు ఈది వంకర సొరంగం చేరేసరికి ఒక రాక్షసుడు ఎదురయ్యాడు.

"రాణి ఒంటికి కాపలా కాస్తూ ఈ మంట పెడుతున్న తెల్లభటులందర్నీ ఒక్క గుక్కలో మింగేస్తాను. నీ రాణికి మంటే ఉండదు. సరేనా?"

సరే అనేయాలనిపించింది నాంచారికి. అయినా, "రేపు శత్రువులొస్తే?" అని అడిగింది.

"వచ్చేది నేనేగా!" అని వాడు పెదవులు నాక్కున్నాడు. నాంచారి వాడి కాళ్ల సందున దూరి పరుగెత్తింది.

ముందు గోడంతా పుండు. తెల్లభటులు దానిమీద పిడికిళ్లతో నిప్పురవ్వలు విసురుతున్నారు. గోడ కాలి పొగ లేస్తోంది. పొగ ఉంటే శత్రువున్నట్టేనని వాళ్ల తాతలనాటి ఆన, అందుకే మళ్లీ విసురుతున్నారు.

"ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటారా తాతా? అక్కడెవరూ లేరు!" అని నాంచారి వాళ్ల ముసలి దళపతిని నిలదీసింది.

"పొగ కనపడినంతసేపూ చెయ్యి దించకూడదు పిల్లా. అది మా కట్టుబాటు."

అతని చేతులు మోచేతుల దాకా కాలి ఉన్నాయి. పక్కవాళ్లు తమ నిప్పుకే ఒరిగిపోతున్నారు. దారంతా వాళ్లను తిట్టుకుంటూ వచ్చిన నాంచారికి ఏడుపొచ్చింది.

వాదించి లాభం లేదు. కుండలు కాల్చే ఆవం బీటలిచ్చి పొగ చిమ్మితే కుమ్మరి చేసేది ఒకటే, బురద మెత్తడం. గోడ మొదట్లో ఊరే జిగురును దోసిళ్లతో తీసి పుండుకు మెత్తసాగింది. రవ్వలు వీపున పడి చురుక్కుమన్నా ఆగలేదు. ఒకచోట పొగ అణిగింది. అక్కడి భటుడి చెయ్యి దానంతటదే దిగింది.

దళపతి కాసేపు అటే చూశాడు. "నిప్పు చాలురా! జిగురందుకోండి!" అని అరిచాడు.

ఏడోనాడు నాంచారి రాణిగారి తేన్పుతో బయటపడి మామూలు మనిషయింది. హేమలేఖ పెరుగన్నం ముద్ద మింగి, మంట వస్తుందని కళ్లు గట్టిగా మూసుకుంది. మంట రాలేదు.

"ఆ భటులకేం శిక్ష వెయ్యనే?" అంది నాంచారి చెప్పిందంతా విని.

"నీకోసమే చేతులు కాల్చుకున్నారక్కా."

రాణి తన పొట్టమీద మెల్లగా చెయ్యి వేసుకుంది. "ఇక కాస్త నడుం వాల్చండి నాయనలారా," అని, రెండో ముద్దకు నోరు తెరిచింది.