పన్నెండో ఎపిసోడ్‌లో బండ చప్పుడు

పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆ క్వార్టర్లో ఫ్యాను ఆగిపోయింది, టీవీ ఆగిపోయింది, పొయ్యి మీది కుక్కర్ కూడా కిందికి దిగింది. కరెంటు పోయి కాదు. మధులత రికార్డింగ్ పెట్టింది. పెట్టిందంటే ఇక ఆ ఇంట్లో ఎవరూ దగ్గడానికి కూడా వీల్లేదు.

"కెప్టెన్! ఆక్సిజన్ ఇంకా పది నిమిషాలే ఉన్నది!" అంది నాంచారమ్మ, దుప్పటి ముసుగులో చెమటలు కక్కుతూ. కూతురి సీరియల్లో అంతరిక్ష ఓడకు గొంతు ఆమెదే. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి, పదకొండు ఎపిసోడ్లుగా గ్రహాల మధ్య ఓడ నడుపుతోందంటే మాటలా!

మధులత ఆ సీరియల్‌కి 'నల్ల చందమామ' అని పేరు పెట్టింది. ఎక్కడో ఒక గ్రహం కడుపులోకి దిగి బొగ్గు తవ్వే ఆరుగురి, వాళ్ళ ముందు నడిచే కెప్టెన్ సాహసాలు. బొమ్మలు తనే గీసి, తనే కదిలించి, నెలకొకటి చొప్పున యూట్యూబ్‌లో పెడుతుంది. "కెప్టెన్ బతుకుతడా అక్కా?" అని చండ్రుగొండ నుంచి కూడా పిల్లలు రాస్తున్నారు. సాయంత్రం ఆరింటికి ఆఖరి ఎపిసోడ్ పెడతానని వాళ్ళకు మాటిచ్చేసింది.

గుమ్మంలో కూర్చున్న గోపయ్యకు భార్య కేకలు గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టు వినిపించాయి. ఆ సంగతి ఇంట్లో తెలియదు. పనిచేసే బాయిలో, ఆ గనిలో అసలే తెలియదు.

ఇరవై ఎనిమిదేళ్లుగా బొగ్గు బాయిలో అతని పని ఒక్కటే. అందరికంటే ముందు లోపలికి పోయి ఇనుప రాడ్‌తో పైకప్పు కొట్టి, చప్పుడు వినాలి. ఖంగుమంటే గట్టి. డబడబమంటే గుల్ల, ఏ నిమిషాన కూలుతుందో తెలియదు. గోపయ్య "బయటికి రండి" అన్నాడంటే ఎవరూ ఎందుకని అడగరు. మేనేజరైనా సరే, మారు మాట్లాడకుండా బయటికి రావాల్సిందే. అలాంటి మనిషి చెవులు నాలుగు నెలలుగా అతన్నే మోసం చేస్తున్నాయి.

డాక్టర్ల ముందు నిలబడితే అన్‌ఫిట్ అంటారు, ఉద్యోగం బిడ్డకు వస్తుంది. అయితే బిడ్డ ముందే ఒప్పుకుని సంతకం పెట్టాలి. పెట్టకపోతే అతని పనీ పోతుంది, ఆమెకూ రాదు. ఈ నెల దాటితే అతని వయసు అడ్డమొస్తుంది. అందుకే అన్‌ఫిట్‌కి నడుము నొప్పే కారణమని ఇంట్లో అబద్ధమాడుతూ, చెవుల సంగతి దాచుకుని రోజూ బాయిలోకి దిగుతున్నాడు.

మధ్యాహ్నం సెకండ్ షిఫ్ట్‌కి బయల్దేరుతూ కాగితం తెచ్చి కూతురి ముందు పడేశాడు.

"అయిందా నీ బొమ్మలాట? పెట్టు సంతకం."

"సాయంత్రం దాకా ఆగు నాన్నా."

"ఎన్ని నెలలు ఆగాలె? ఈ ఉద్యోగం కోసం ఎంతమంది కండ్లు కాయలు కాసేటట్టు చూస్తున్నరో ఎరుకనా? నువ్వేమో చందమామ మీద బొగ్గు తవ్వుతవు!"

"నడుము నొప్పికి అన్‌ఫిట్ ఎవరిస్తరు? నిన్న గ్యాస్ బండ నువ్వే మోసుకొచ్చినవ్. నా నెత్తిన ఉద్యోగం రుద్దనీకి అబద్ధాలెందుకు?"

"తండ్రిని తిననియ్యవే ముందు!" అంటూ నాంచారమ్మ గరిటెతో అడ్డమొచ్చింది. ఎవరూ వినలేదు.

మధులత కళ్ళనీళ్ళతో లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. "బొమ్మలాట అంటున్నవ్ గదా, ఒక్కసారన్న చూసినవా? ఇందుల ఉన్నది నువ్వే!"

తెర మీద ముసలి కెప్టెన్, గోపయ్య మీసాలతో, చేతిలో ఇనుప రాడ్‌తో చీకటి సొరంగంలో నిలబడి ఉన్నాడు.

"పోయినేడు జూలూరుపాడు అవతల వాగు ఒడ్డున నువ్వు బండలు కొట్టి వినిపించినవ్ గదా. గట్టిదొకటి, గుల్లదొకటి. ఆ చప్పుళ్ళే ఫోన్ల రికార్డు చేసి దాచిపెట్టిన. ఇక్కడ ఏది పెట్టిన్నో నువ్వే చెప్పు."

కెప్టెన్ మూడుసార్లు కప్పు కొట్టాడు. గోపయ్యకు ఎక్కడో దూరంగా టక్ టక్‌మన్నట్టుంది, అంతే. ఇరవై ఎనిమిదేళ్ల పేరు! తెలియదని ఎలా అంటాడు?

"గట్టిగనే ఉన్నది. మంచిగ పెట్టినవ్" అన్నాడు.

నాంచారమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. బాయి ముఖం చూడని ఆమెకు కూడా ఆ చప్పుడేదో తెలిసిపోయింది. మధులత శబ్దం పెంచి మళ్ళీ వినిపించింది.

"గట్టిగనే అంటున్న గదా!" అని అరిచాడు గోపయ్య.

"అది గుల్ల నాన్నా! 'దీని కింద నిలబడకు బిడ్డా' అని నన్ను పక్కకు గుంజినవ్ చూడు, ఆ బండ!"

గోపయ్య కుర్చీలో కూలబడ్డాడు. నాంచారమ్మ అతని గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "ఎన్నాళ్ళ సంది?"

"నాలుగు నెలలు. కప్పుకు అరచెయ్యి ఆనిచ్చి అదురు చూసుకుంటున్న. సంతకం పెడితే తెల్లారే ఆగిపోదును..."

"నీ వెనక ఆరుగురు నిలబడ్తరు గదయ్యా!" అని ఆమె నెత్తి కొట్టుకుని ఏడ్చింది. "అందుల వీరేందర్ బిడ్డకు ఇంకా ఏడాదన్న నిండలే. నీ మాట నమ్మే గదా వాళ్ళు లోపలికొస్తరు!"

బయట బండి హారన్ మోగింది. వీరేందర్ రోజూ అతన్ని ఎక్కించుకుపోతాడు. హారన్ వినకపోయినా గోపయ్య గోడ గడియారం చూసి, అలవాటుగా టిఫిన్ డబ్బా అందుకున్నాడు. "ఇయ్యాల్టికి పోతా. రేపు మాట్లాడుదాం."

మధులత గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "సంతకం సంగతి నేను ఆలోచించుకుంట. పెడతనేమో కూడా. కానీ నీ పానం పెట్టి నాకు ఉద్యోగం కొనకు నాన్నా."

"జరుగు బిడ్డా. టైమైతున్నది."

ఆమె జరగలేదు. తన పెదాలు అతనికి కనబడేలా ఒక్కో మాటా విడివిడిగా పలికింది.

"గుల్ల ఉన్నది. బయటికి రా నాన్నా."

ఇరవై ఎనిమిదేళ్లు అతను ఎంతమందికి చెప్పాడో ఆ మాట! ఒక్కరూ ఎందుకని అడగలేదు. డబ్బా కింద పెట్టి, కండువాతో కళ్ళు తుడుచుకుని గేటు దాకా నడిచాడు.

"వీరేందర్, నేను దిగను. నాకు చెవులు వినపడ్తలేవు. నిన్న మూడో లెవెల్ల కప్పు గట్టి అన్న గదా, దాన్ని వేరే మనిషితోని మళ్ళ కొట్టించు. అప్పటిదాంక ఎవ్వరిని లోపలికి పోనియ్యకు. సార్లకు నా పేరే చెప్పు."

వీరేందర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా ఎందుకని అడగలేదు. "అట్లనే బాబాయ్" అని బండి తిప్పాడు.

అయిదున్నరకు ఫోనొచ్చింది. మూడో లెవెల్లో ఒక మూల గుల్లే ఉందట. సపోర్టు పెట్టాకే మనుషులు లోపలికి పోయారట. మధులత ఆ మాట కాగితం మీద రాసి చూపిస్తే గోపయ్య దాన్ని పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు.

ఆరింటికి ముగ్గురూ లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. కెప్టెన్ రాడ్ ఎత్తాడు. గోపయ్య స్పీకర్ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళ కింద సన్నగా అదిరింది.

"అవ్, గుల్లనే" అన్నాడు.

తెర మీద ఆరుగురూ వరసగా బయటికి వస్తున్నారు. అందరి వెనకా కెప్టెన్ వచ్చాడు.