కనిపించని కాప్సూల్

జనరల్ బాకిర్ ఎక్స్‌రే ఫిల్మును బల్ల మీద ముందుకు తోశాడు.

"కాప్సూల్ కనిపిస్తోందా?"

ఏజెంట్ దౌలత్ ఫిల్మును వెలుతురుకెత్తి చూసింది. గర్భం రాకుండా జబ్బ చర్మం కింద అమర్చే కాప్సూల్ అగ్గిపుల్లంత ఉంటుంది. ఎక్స్‌రేలో తెల్లటి గీతలా కనిపించాలి.

"లేదు సార్."

"నకిలీది. మందు లేని ఉత్త ప్లాస్టిక్ పుల్ల."

"ఈ చెయ్యి ఎవరిది?"

బాకిర్ తల దించుకున్నాడు. "మీ చెల్లెలిది, తల్లీ."

రావియాది బలహీనమైన గుండె. గర్భం వస్తే ప్రాణం దక్కదని డాక్టర్లు ముందే చెప్పారు. మూడేళ్లు భయం లేదనుకుని కాప్సూల్ పెట్టించుకుంది. అయినా గర్భం వచ్చింది, ఏడో నెలలో ప్రాణం పోయింది. "పెట్టించుకున్నానని అబద్ధం చెప్పావు కదూ!" అని ఆసుపత్రిలో కసిరింది దౌలతే.

"విదేశీ ముఠా," అన్నాడు బాకిర్. "నాయకుడు వాల్కో. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి అలెగ్జాండ్రియా రేవు గోడౌన్ నుంచి అరవై వేల నకిలీలు ఈజిప్టు దక్షిణాది పల్లెలకు బయల్దేరతాయి. లోపల మన మనిషి ఉంది. కోడ్: సముద్రం ఇవాళ తియ్యగా ఉంది."

పదకొండున్నరకు దౌలత్ తనిఖీ నర్సు వేషంలో గోడౌన్‌లో అడుగుపెట్టింది. టిఫిన్ డబ్బాలో బుల్లి ఎక్స్‌రే యంత్రం ఉంది. నల్ల కళ్లద్దాల సుందరి ఒకతె ఎదురొచ్చింది.

"సముద్రం ఇవాళ తియ్యగా ఉంది," అంది దౌలత్.

"అయితే టీలో చక్కెర తగ్గించు."

ఆమె కళ్లద్దాలు తీసింది. నాజ్లీ! చిన్ననాటి స్నేహితురాలు, రావియాకి కాప్సూల్ పెట్టిన నర్సు.

"నువ్వా!"

"నా చేత్తోనే పెట్టానే. అసలుదనుకున్నాను. తెలిశాక వాల్కో దగ్గర చేరి మీ జనరల్‌కి కబురు పెట్టాను. తర్వాత తిట్టు, కొట్టు, నీ ఇష్టం. ముందు పెట్టెలు చూడు. పై వరుసే అసలుది."

పై పెట్టెలో తెల్ల గీతలు కనిపించాయి. కింది పెట్టెలో ఏమీ లేదు. దౌలత్ వాచీ మీట నొక్కింది. పోలీసులు రావడానికి నాలుగు నిమిషాలు పడుతుంది.

అంతలో లోపలికొచ్చిన వాల్కో యంత్రాన్ని చూడనే చూశాడు. "లారీలు తియ్యండి!" అని అరిచాడు.

నాజ్లీ తన కారులోకి దూకింది. దాన్ని గేటుకి అడ్డంగా నిలిపింది. దిగడానికి వ్యవధి లేకపోయింది.

పోలీసులు వచ్చి వాల్కోకి బేడీలు వేసేసరికి మొదటి లారీ నుజ్జయిన కారు మీదే ఇరుక్కుని ఉంది. దౌలత్ నాజ్లీని బయటికి లాగి ఒళ్లో పడుకోబెట్టుకుంది.

"ఆగిందా?"

"ఆగిందే."

"రావియా నన్ను..."

"నిన్నేమీ అనలేదే. నిన్ను నమ్మింది. దాన్ని నమ్మనిది నేను."

నాజ్లీ విన్నదో లేదో, దౌలత్‌కి తెలియలేదు.

సాయంత్రం బాకిర్ ఫోన్ చేశాడు. "ఎంతమందిని కాపాడామో రిపోర్టులో రాయి, తల్లీ."

"ఏమని రాయను సార్? వాళ్లకేమీ జరగనే లేదు. ఈపాటికి మొగుళ్లని తిట్టుకుంటూ మొలోఖియా ఆకుకూర కలుపుతూ ఉంటారు."