కృపావరం గుంతలో ఎర్రగుడ్డ

ముందు మీరు చూసిందేందో చెప్పండి. గురజాల నుంచి పిడుగురాళ్ళ పోయే దారిలో, కృపావరం గుంత పక్కన పొద్దుగూకాక బండి ఆపినవాళ్ళుంటే సిగ్గుపడకుండా చెప్పండి. అడుగున ఎర్రగా ఊగింది చూశారా? ఒకటి... రెండు... అని లెక్క విన్నారా?

చూసినవాళ్ళు చానామందే. ఒప్పుకున్నవాళ్ళే తక్కువ.

అది సున్నం కాల్చే ముగ్గురాయి క్వారీ. నాలుగేళ్ళ కింద అక్కడ మందు పెట్టి రాయి పేల్చే కృపావరం, మందు కూరిన బెజ్జాల్లో పేలకుండా మిగిలిన ఒక్కదాని దగ్గర ముక్కలైపోయాడు. పేల్చే ముందు ఎర్రగుడ్డ ఊపి జనాన్ని దూరం తోలేది కూడా అతనే. తర్వాత లీజు అయిపోయింది. గేటుకి తాళం పడింది. కృపావరం మాత్రం గుడ్డ వదల్లేదని చుట్టుపక్కల ఊళ్ళన్నీ అనుకున్నాయి.

తాళం పడ్డా రాయి ఆగలేదు. ఆగితే ఎట్లా? పల్నాటిలో సున్నపు బట్టీ రగిలితేనే చానా ఇళ్ళల్లో పొయ్యి రగిలేది. రాయి తోలే డ్రైవరు, బొగ్గు దింపే కూలీ, సంచులు కుట్టే ఆడవాళ్ళు, బట్టీ ముందు టీ బండివాడు... అందరి కూడూ ఆ రాతిలోంచే రావాల. అందుకని పగలు మూతపడ్డ గుంతలో రాత్రిళ్ళు పని నడిచేది. దయ్యం భయానికి అటు ఎవరూ తొంగిచూడరు. పేలుడు వినపడినా దయ్యం మీదికే తోసేవాళ్ళు. దొంగరాయి తోలేవాళ్ళకి అంతకన్నా మంచి కాపలా ఎక్కడ దొరుకుద్ది?

ఆ గుంతలో మౌలాలీ కంప్రెసర్‌తో బెజ్జాలు వేస్తాడు. అతని పెళ్ళాం సాజిదా రాయి ఎత్తే ఆడవాళ్ళ ముఠాకి ముందు నడుస్తుంది. ఆ అమావాస్య రాత్రి, ముందు రాత్రి వేసిన పన్నెండు బెజ్జాలకి మందు పెట్టారు. కేక వెయ్యలేదు. గుడ్డ ఊపలేదు. దొంగపనికి జెండా ఏంది?

వత్తులు ముట్టించి అందరూ గట్టెక్కారు. నేల అదిరింది. మోత మీద మోత... పొగ... తెల్లటి దుమ్ము. తర్వాత ఏ చప్పుడూ లేదు.

మౌలాలీ పెళ్ళాం చెవి దగ్గరికి వంగాడు. "పదకొండే."

"ఏంది?"

"పదకొండే విన్నా సాజిదా. ఒకటి పేలలా."

పేలని బెజ్జం ఉంటే తెల్లారేదాకా గుంతలో కాలు పెట్టకూడదు. మసీదుకి పోయేవాడైనా చర్చికి పోయేవాడైనా, రాతిపనిలో ఉన్నవాడు దాటని కట్టడి అది.

మేస్త్రి త్రికోటేశ్వరరావుకి చెబితే నవ్వాడు. "రెండు కలిసి పేలినయ్‌రా. నీ చెవుల్లో కంప్రెసర్ మోత ఇంకా పోలా. తెల్లారేలోపు ఆరు టిప్పర్లు కదలాల. దిగండి."

"కలిసి పేలితే మోత వేరుగా ఉంటదయ్యా..."

"అయితే ఇళ్ళకి పోండి. రేపు మాచర్ల ముఠాని తెచ్చుకుంటా. మళ్ళీ ఈ చుట్టుపట్ల ఏ గుంతలో పని దొరుకుద్దో నేనూ చూస్తా."

ముఠాలో ముసలి హజ్రా బీ నోట్లోనే గొణిగింది. "ఆ పన్నెండోది వీడి నోట్లో పెట్టాల్సింది."

సాజిదా టార్చి తీసుకుంది. మౌలాలీ చెయ్యి పట్టుకుంటే విదిలించింది. "నేను దిగకపోతే రేపటి నుంచి ఏం తింటాం? వదులు."

టిప్పర్లు దిగే ఏటవాలు దారి. టార్చి వెలుగు పదిహేనడుగుల్లోనే దుమ్ములో చచ్చిపోతోంది. వెనక ఆడవాళ్ళ ఊపిరి. ముందు... ఏమీ లేదు.

అప్పుడు అడుగు నుంచి వచ్చింది.

"ఒకటి..."

బొంగురు గొంతు. గొంతులో రాళ్ళు దొర్లుతున్నట్టు.

"రెండు... మూడు..."

హజ్రా బీ దువా అందుకుంది. లెక్క ఆగలేదు. తొమ్మిది... పది... పదకొండు...

అక్కడ ఆగింది.

సాజిదా టార్చి అటు తిప్పింది. ఆ వెలుగులో — ఎరుపు. పైకెత్తిన చేతిలో ఎర్రగుడ్డ. కింద తల నుంచి కాళ్ళదాకా తెల్లటి ఆకారం. కళ్ళు లేవు, నోరు లేదు. అది కదిలింది. వీళ్ళ మీదికే వస్తోంది.

"యా అల్లా!"

ఆడవాళ్ళు గట్టుకి పరుగు తీశారు. సాజిదా తిరగబోయి రాయి తన్నుకుని పడింది. టార్చి దొర్లిపోయింది. చీకటి. గులకరాళ్ళ మీద అడుగులు... దగ్గరికి... ఇంకా దగ్గరికి... గరుకు చెయ్యి ఒకటి ఆమె మణికట్టు పట్టుకుంది.

లాగింది. కిందికి కాదు — పైకి!

పది బారలు లాగిందో లేదో, గుంత అడుగు పగిలింది. పన్నెండోది. రాళ్ళు వానలా కురిశాయి. ఆ ఆకారం సాజిదా మీద బోర్లా పడింది.

దుమ్ము కాస్త తగ్గాక సాజిదా కళ్ళు తెరిచింది. మీద బరువు. మెడ మీద ఏదో వేడిగా కారుతోంది. చేత్తో తడిమింది. నెత్తురు.

చచ్చినవాళ్ళకి వేడి నెత్తురు ఉండదు.

మౌలాలీ లైటు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆ మొహం మీద అట్టకట్టిన రాతిదుమ్ము తుడిచాడు. రాజమ్మ! కృపావరం పెళ్ళాం. పగలంతా ఆ గుంత చుట్టూ మేకలు కాసుకునే మనిషి.

"పిన్నీ... నువ్వా?" అంది సాజిదా.

"పొద్దున మేకల్ని తోలుకుపోతా బెజ్జాలు లెక్కపెట్టుకుంటా," అంది రాజమ్మ ఆయాసపడుతూ. "రాత్రికి చాటున కూచుని మోతలు లెక్కపెడతా. తగ్గితే దిగుతా. ఈయన పోయినకాణ్ణించీ ఇదే పని."

"మనిషిలా వచ్చి చెప్పొచ్చు గదా పిన్నీ! ఊరంతా దయ్యమని భయపడి చస్తందే!"

"మొదట్లో మనిషిలాగే చెప్పా. గేటు బయటికి గెంటారు." దగ్గింది. "దయ్యమైతే ఇన్నారు."

నరసరావుపేట డాక్టరు రాజమ్మ భుజానికి కట్టు కట్టి, ఆర్నెల్లదాకా చెయ్యి పైకి లేవదన్నాడు. ఆ రాత్రి టిప్పర్లు కదలనందుకు మౌలాలీని, సాజిదాని పనిలోంచి తీసేశారు. మాచర్ల ముఠా దిగింది. వాళ్ళకి ఈ సంగతులేవీ తెలీవు. నిన్న రాత్రి గుంతలో పధ్నాలుగు బెజ్జాలు వేశారని, ఈ రాత్రికి పేలుస్తారని కబురు.

రాజమ్మ మంచంలో ఉంది. ఈ రాత్రి మోతలు లెక్కపెట్టేదెవరు? తగ్గితే దిగేదెవరు... మీరా?