ముందు దిగిన కత్తి

ఒనోటోవా దీవిలో పడవకు సరిపడే చెట్టు పుట్టదు. సముద్రమే తెచ్చివ్వాలి. కొట్టుకొచ్చిన దుంగలో ఎవరి కత్తి ముందు దిగితే దుంగ వాళ్లది. దించినవాడు తప్ప ఆ కత్తిని ఇంకొకడు పీకకూడదు. తాతలు పెట్టిన కట్టుబాటు అది. అది ఉండబట్టే ఇన్నాళ్లూ అక్కడ అన్నదమ్ములు తలలు పగలగొట్టుకోలేదు.

టెకాయికి నలభై ఏళ్లొచ్చినా సొంత పడవ లేదు. ఎవరి పడవలోనో వెనక కూర్చుని, వాళ్లు ఇచ్చిన చేపలు పుచ్చుకునే బతుకు. ఆ పొద్దున గొడ్డలి పట్టుకుని పొయ్యికట్టెల కోసం ఒడ్డు చివరికి వెళ్లాడు. రాళ్ల మధ్య ఒక దుంగ ఇరుక్కుని ఉంది. ఆరు బారల పొడవు. ఎన్ని నెలలు తేలిందో, అడుగంతా గుల్లలు వేలాడుతున్నాయి. వేలెడేసి మెత్తటి కాడలు, ఒక్కోదాని చివర గోరులాంటి తెల్లటి పెంకు. కుళ్లిన ఉప్పు వాసన.

దుంగ మీద కాళ్లూపుకుంటూ బావమరిది బారేటి కూర్చుని ఉన్నాడు. పక్కనే పిడిదాకా దిగిన కత్తి.

“ఆలస్యమైంది బావా. మా అక్క లేపలేదా?”

“నీకు పడవుంది గదరా.”

“ఉంటే? ఇది నా కొడుక్కి. వెనక కూర్చోవడం నీకు అలవాటేగా. వాడి పడవలోనూ చోటిప్పిస్తాలే.”

టెకాయి నవ్వలేదు. గొడ్డలి వెనక మొద్దువైపుతో కణత మీద కొట్టాడు. కొబ్బరికాయ పగిలిన చప్పుడు. బారేటి నీళ్లలోకి జారాడు గానీ చావలేదు. కుడిచేత్తో దుంగను పట్టుకున్నాడు.

“బావా... చెయ్యియ్యి...”

టెకాయి గొడ్డలి తిప్పి పట్టుకున్నాడు. ఒకటే వేటు. నాలుగు వేళ్లు దుంగ మీద మిగిలాయి. మనిషి మిగల్లేదు.

కత్తి పీకబోయాడు. రాలేదు. ఈలోగా పోటు ఎక్కి దుంగ లేచింది. కత్తితో, వేళ్లతో సహా లోతుకు పోయింది. పాపం మిగిలింది, పడవ దక్కలేదు.

బారేటిని సొరచేప తినేసిందనుకుంది ఊరు. తమ్ముడి కోసం ఏడ్చిన భార్య మారెవ కన్నీళ్లు టెకాయే తుడిచాడు.

రెండు నెలల తర్వాత, మిట్టమధ్యాహ్నం, దుంగ మళ్లీ అదే రాళ్ల మధ్యకు వచ్చింది.

టెకాయి గొడ్డలితో పరుగెత్తాడు. దుంగలో కత్తి లేదు. దిగిన గాటు మాత్రం ఉంది. ఇక దీనికి హక్కుదారు లేడనుకుని సంతోషపడ్డాడు. అప్పుడు చూశాడు. గాటు పక్కన, మాడే ఎండలో, నాలుగే నాలుగు గుల్లలు. నీళ్లు తగలనిచోట గుల్ల బతకదు. ఇవి తెరుచుకుంటున్నాయి... మూసుకుంటున్నాయి.

నరికాడు. ఎర్రగా చిమ్మింది.

అడుగున ఉన్న వేల గుల్లలు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. టకటక... టకటక... ఏదో మణికట్టు పట్టి లాగింది. దుంగ దొర్లింది. చెయ్యి రాతికీ దుంగకూ మధ్య పడింది. ఎముక విరిగింది. అరిచాడు. మళ్లీ దొర్లింది...

ఇంట్లో మారెవ అతని చేతికి గుడ్డ చుడుతూ ఆగింది.

“దుంగ కింద పడితే నలిగినట్టుండాలి. ఈ వేళ్లు నరికినట్టున్నాయేమయ్యా? నాలుగూ సమంగా...”

టెకాయి చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె నీళ్లు తెచ్చేసరికి కళ్లు మూతపడ్డాయి.

“ఏమయ్యా...” ఆమె గొంతు గుసగుసలా వచ్చింది. “మా తమ్ముడి కత్తి ఇక్కడికెలా వచ్చింది?”

కళ్లు తెరిచాడు. అతని చంకకూ పక్కటెముకలకూ మధ్య, చాపను చీల్చుకుని, నేలలోకి పిడిదాకా దిగి ఉంది. తుప్పు పట్టింది. గడపనుంచి చాపదాకా ఇసుక మీద వాళ్లిద్దరివి తప్ప ఒక్క అడుగు జాడ కూడా లేదు.

“పీకెయ్యి,” అన్నాడు.

మారెవ అతని వేళ్లులేని చేతిని చూసింది. కత్తిని చూసింది. చాలాసేపు చూసింది.

“దించింది నేను కాదుగా,” అని బయటికి వెళ్లిపోయింది.

టెకాయి మిగిలిన చేత్తో తానే పట్టుకున్నాడు. సముద్రపు నీళ్లు కారుతున్న ఆ పిడి, ఎవరో అప్పుడే చెయ్యి తీసినట్టు, వెచ్చగా ఉంది.