ఊదా గీతలు

బస్సు దిగేసరికి పొగమంచు రోడ్డును కప్పేసింది. ట్రెస్సా తన తమ్ముడు కోయ్ చేయి పట్టుకుంది. పట్నం నుంచి వాళ్లు ఇక్కడికి వచ్చి నెల కూడా కాలేదు.

"అమ్మ రోడ్డు మీదే రమ్మంది," అన్నాడు కోయ్.

"అడవిలోంచి వెళ్తే దగ్గర. అదిగో, చెట్ల మీద ఊదా గీతలు. మన పాత ఊరి పార్కులో ఇలాగే దారి గుర్తులుండేవి కదా!"

"ఆహా, నీకన్నీ తెలుసు మరి!" కోయ్ మూతి ముడిచాడు. అయినా వెంట నడిచాడు.

ఒక గీత దాటగానే ఇంకో గీత. అన్నీ నిలువు గీతలే. అన్నీ ట్రెస్సా ఛాతీ ఎత్తులోనే. ఒక్క పిట్టా కూయడం లేదు. ఎంత నడిచినా ఇల్లు రావడం లేదు.

కోయ్ వంగి, ఆకుల్లోంచి ఒక ఎర్ర గ్లోవ్ తీశాడు. "అక్కా, దీనికీ అమ్మ కుట్టిన బొత్తాం ఉంది."

వాడి ఒక చేతికి గ్లోవ్ లేదు.

ట్రెస్సాకు అప్పుడు అర్థమైంది. తిరిగి తిరిగి ఇందాక నడిచిన చోటికే వచ్చారు. గీతలు దారి చూపడం లేదు. దేని చుట్టూనో తిరుగుతున్నాయి.

"నేను ఇంటికి పోతాను!" కోయ్ కోపంగా ఒక రాయిని తన్నాడు. అది గీతల లోపలికి దొర్లి, ఎండుటాకుల్లో మాయమైంది. చప్పుడు లేదు. కాసేపటికి, నేల కింద ఎక్కడో బుడుంగుమంది.

"లోపల ఎవరున్నారక్కా?" కోయ్ గీత దాటి అడుగు వేశాడు. ట్రెస్సా వాడి బ్యాగు పట్టి వెనక్కి లాగింది. ఇద్దరూ పడ్డారు.

"కదలకండి!"

పొగమంచులోంచి నారింజ రంగు కోటు ఒకటి తేలుతూ వచ్చింది. దగ్గరికొచ్చాక అందులో ఒక ముసలామె కనిపించింది. ఆ అడవి ఆమెదే. పేరు ఓర్లా.

"గీతలు కనిపించలేదా?"

"కనిపించాయి మామ్మగారూ. వాటిని చూసుకునే వచ్చాం."

"చూసి మరీ వచ్చారా! బాగుంది! అక్కడ పాత సీసం గని గొయ్యి ఉంది. మన మిస్సోరి రాష్ట్రంలో చెట్టు మీద ఊదా గీత గీస్తే లోపలికి రాకూడదని చట్టం. బోర్డు పెట్టినట్టే."

"బోర్డే పెట్టొచ్చుగా?" అన్నాడు కోయ్.

"పెట్టాను. మీలాంటి పిడుగులే పీక్కుపోయారు. ఇప్పుడు చెట్టును పీకమను!"

ట్రెస్సాకు నవ్వు రాలేదు. "మాకు తెలియదు మామ్మగారూ."

"తెలియదంటే ఆ గొయ్యి వింటుందా అమ్మాయ్?"

ఓర్లా వాళ్లను గుమ్మం దాకా దింపింది. అమ్మ కోయ్ వేళ్లను ఒక్కొక్కటిగా తడిమి చూసుకుంది. తిట్టినా బాగుండునని ట్రెస్సాకు అనిపించింది.

శనివారం ట్రెస్సా అమ్మను వెంటబెట్టుకుని ఓర్లా ఇంటికి వెళ్లింది.

"మామ్మగారూ, బస్సాగే చోట చెట్టు బెరడు ఊడి గీత సగం పోయింది. రంగు ఇస్తే నేను గీస్తాను."

అమ్మ కోయ్‌ని పట్టుకుని రోడ్డు మీదే నిలబడింది. ఓర్లా ఇచ్చిన రంగుతో ట్రెస్సా ఆ చెట్టు మీద నిదానంగా గీత గీసింది.

గాలి లేదు. ఎవరూ రాయి విసరలేదు. అయినా లోపలెక్కడో బుడుంగుమంది.

ట్రెస్సా కుంచెను మళ్లీ డబ్బాలో ముంచింది.